పోలీసు చర్యలో మరణం: స్వతంత్ర దర్యాప్తు ఎలా జరగాలి, మన కుటుంబాలు ఏమి అడగాలి

పోలీసు కాల్పుల్లోనో, పోలీసు కస్టడీలోనో ఒక మనిషి చనిపోతే ఆ కేసును ఎవరు దర్యాప్తు చేయాలి, ఎన్ని రోజుల్లో ఏ కాగితం ఎక్కడికి వెళ్లాలి, కుటుంబం ఏ తలుపు తట్టాలి అనే వివరాలను ఒక్కచోట చేర్చి పెట్టమని మన పాఠకులు చాలామంది అడుగుతున్నారు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో తరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు ఈ విషయంలో ఒక అదనపు ఇబ్బంది ఉంది. స్టేషన్లో కాగితాలు అక్కడి రాష్ట్ర భాషలో ఉంటాయి. మాట్లాడటం వచ్చినా, చదవడం అందరికీ రాదు.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట కర్ణాటకలో మా సంఘానికి ఒక తండ్రి వచ్చాడు. లారీ మీద పనిచేసే కొడుకును రాత్రి స్టేషనుకు తీసుకెళ్లారట. మర్నాడు ఆసుపత్రిలో శవాన్ని చూపించారు. ఆయన ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడతాడు, రెండూ చదవలేడు. ఆసుపత్రి వరండాలో సంతకం పెట్టించుకున్న కాగితం నకలు మేము చదివితే, "నా కొడుకు మరణం మీద నాకు ఎలాంటి అనుమానమూ లేదు" అని ఉంది. మెజిస్ట్రేటు విచారణ జరుగుతోంది కదా, నివేదిక వచ్చేదాకా ఆగుదామని మా పెద్దలందరం కూర్చుని ఆయనకు సలహా ఇచ్చాం. నివేదిక రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అప్పుడు జాతీయ మానవ హక్కుల కమిషనుకు రాస్తే, ఏడాది గడువు దాటిందని అర్జీ తిరిగి వచ్చింది. జీవితమంతా గుమస్తాగా పనిచేసి, గడువు తేదీ చూడకుండా సలహా ఇచ్చిన వాళ్లలో ఈ రాత రాస్తున్న కార్యదర్శి కూడా ఉన్నాడు. ఆ కేసు ఇప్పుడు హైకోర్టులో ఉంది కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. అలాంటి సలహా మళ్లీ ఎవరూ ఇవ్వకూడదనే ఈ వివరాలు రాస్తున్నాం.

చట్టం ఇచ్చిన అధికారం ఎంత

పోలీసుకు ప్రాణం తీసే ప్రత్యేక హక్కు అంటూ మన చట్టంలో ఏదీ లేదు. అరెస్టు చేసేటప్పుడు ఎదురుతిరిగినా, పారిపోయినా అవసరమైన మేరకు బలం వాడవచ్చు. అయితే మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడదగిన నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు ఆ సెక్షన్ ఇవ్వదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 46వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 43వ సెక్షన్.

రెండోది ఆత్మరక్షణ. ఇది పోలీసుకూ మనకూ ఒకటే. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దీని గురించే. ఎదుటివాడు కాల్చాడు, ప్రాణం కాపాడుకోవడానికి మేమూ కాల్చాం అని పోలీసులు చెబితే అది నిజమే కావచ్చు. ఎదురుకాల్పుల్లో పోలీసులూ చనిపోయారు, వాళ్లకూ కుటుంబాలున్నాయి. అయితే అది నిజమా కాదా అని తేల్చేది కాల్పులు జరిపిన బృందం కాకూడదు. స్వతంత్ర దర్యాప్తు అనే మాటకు అర్థం అంతే.

మూడోది గుంపును చెదరగొట్టడం. దానికి వేరే సెక్షన్లు ఉన్నాయి. అక్కడ కూడా వీలైనంత తక్కువ బలమే వాడాలి.

2014 తీర్పు ఏమి చెప్పింది

ఇప్పుడు దేశమంతా అమల్లో ఉన్న పద్ధతికి ఆధారం 2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే సంస్థ మహారాష్ట్ర ప్రభుత్వం మీద వేసిన కేసు అది. 1995–1997 మధ్య ముంబయిలో జరిగిన దాదాపు 99 ఎన్‌కౌంటర్లు, వాటిలో చనిపోయిన సుమారు 135 మంది గురించి మొదలైంది. ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎం. లోధా, జస్టిస్ రోహింటన్ నారిమన్ల ధర్మాసనం 16 సూత్రాలు ఇచ్చి, రాజ్యాంగం 141వ అధికరణ కింద ఇవి చట్టంతో సమానమని చెప్పింది. మన కుటుంబాలకు పనికొచ్చేవి ఇవి:

1. నేరస్తుల కదలిక గురించి ముందుగా సమాచారం అందితే దాన్ని కేసు డైరీలోనో, ఎలక్ట్రానిక్ రూపంలోనో రాసి పెట్టాలి.

2. పోలీసు తుపాకీ వల్ల మరణం జరిగితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి, ఆలస్యం లేకుండా కోర్టుకు పంపాలి.

3. దర్యాప్తు సీఐడీ గానీ, వేరే స్టేషను బృందం గానీ చేయాలి. పర్యవేక్షించే అధికారి, కాల్పుల్లో పాల్గొన్న బృందం నాయకుడి కంటే కనీసం ఒక మెట్టు పైవాడై ఉండాలి.

4. పోస్టుమార్టం జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు చేయాలి. వీలైతే వారిలో ఒకరు ఆసుపత్రి ప్రధాన అధికారి కావాలి. దాన్ని వీడియో తీసి భద్రపరచాలి. రక్తం అంటిన మట్టి, వెంట్రుకలు, తూటాలు, ఆయుధాలు అన్నీ భద్రపరచాలి.

5. పోలీసు కాల్పుల్లో ఎవరు చనిపోయినా మెజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. దాని నివేదిక జ్యుడీషియల్ మెజిస్ట్రేటుకు వెళ్లాలి.

6. గాయపడిన మనిషికి వైద్యం అందించి, మెజిస్ట్రేటు గానీ డాక్టరు గానీ వాంగ్మూలం తీసుకోవాలి.

7. మరణ వార్తను దగ్గరి బంధువులకు వీలైనంత త్వరగా చెప్పాలి.

8. కాల్పులు జరిపిన అధికారి తన ఆయుధాన్ని ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలి. దర్యాప్తులో నేరం జరిగినట్టు తేలితే వెంటనే సస్పెండ్ చేసి క్రమశిక్షణ చర్య మొదలుపెట్టాలి.

9. ధైర్యసాహసాలు అనుమానానికి తావు లేకుండా రుజువయ్యేదాకా ఆ సంఘటనకు ప్రమోషన్ గానీ, పతకం గానీ ఇవ్వకూడదు.

10. ఈ పద్ధతి పాటించలేదని, దర్యాప్తు స్వతంత్రంగా లేదని కుటుంబం అనుకుంటే ఆ ప్రాంతపు సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయవచ్చు.

పదో అంశాన్ని మన వాళ్లు బాగా గుర్తుంచుకోవాలి. ఇంత చక్కని తలుపు ఉందని చాలామందికి తెలియదు. కాల్పుల్లో చావు కాక తీవ్ర గాయమైనా ఈ సూత్రాలు వీలైనంతవరకు వర్తిస్తాయని కూడా తీర్పులో ఉంది.

ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. సీఐడీ కూడా పోలీసు శాఖలో భాగమే. కెనడాలోని ఒంటారియోలో పోలీసు చర్యలో మరణాల దర్యాప్తుకు 1990 నుంచి పోలీసు శాఖకు బయట ప్రత్యేక సంస్థ ఉంది. మన దేశంలో అలాంటిది లేదు. అందుకే ఇక్కడ మెజిస్ట్రేటు, మానవ హక్కుల కమిషన్, హైకోర్టు అనే మూడింటి మీదా కుటుంబాలు ఆధారపడాల్సి వస్తోంది.

మెజిస్ట్రేటు విచారణ రెండు రకాలు

కాల్పుల్లో మరణమైతే సాధారణంగా రెవెన్యూ వైపు అధికారి, అంటే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు విచారిస్తారు. కర్ణాటకలో అసిస్టెంట్ కమిషనర్, తమిళనాడులో ఆర్డీఓ లేదా సబ్ కలెక్టర్, మహారాష్ట్రలో ప్రాంత్ అధికారి, ఒడిశాలో సబ్ కలెక్టర్ అని వాళ్లను పిలుస్తారు. ఎవరిని నియమించారో జిల్లా కలెక్టరు కార్యాలయంలో తెలుస్తుంది. యానాంలో రీజనల్ అడ్మినిస్ట్రేటర్ కార్యాలయంలో అడగాలి.

కస్టడీలో మరణమైతే పద్ధతి వేరు. పాత కోడ్ 176వ సెక్షనులో 2005లో చేర్చిన సవరణ ప్రకారం, పోలీసుల దర్యాప్తుకు అదనంగా జ్యుడీషియల్ మెజిస్ట్రేటు విచారణ జరగాలి. కొత్త సంహితలో ఇది 196వ సెక్షన్. విచారణ చేసే మెజిస్ట్రేటు వీలైనంతవరకు మృతుని బంధువులకు కబురు చేసి, విచారణలో కూర్చోనివ్వాలని కూడా ఆ సెక్షనులోనే ఉంది. బంధువులంటే తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేదా భర్త. "మీరు బయట ఉండండి" అని ఎవరైనా అంటే ఈ సెక్షన్ చూపించి, లిఖితపూర్వకంగా అడగాలి.

మానవ హక్కుల కమిషన్

దీనికీ తెలుగు నేలకూ సంబంధం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌కౌంటర్ మరణాల మీద పౌర హక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల మీదే జాతీయ కమిషన్ 1996 నవంబర్‌లో నిర్ణయం ఇచ్చింది. ఆనాటి అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య 1997 మార్చిలో ఆ పద్ధతినే పాటించమని అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. కస్టడీ మరణం జరిగితే 24 గంటల్లో కమిషనుకు తెలపాలి. 2010 మార్గదర్శకాల ప్రకారం పోలీసు చర్యలో మరణమైతే 48 గంటల్లో తెలపాలి, మెజిస్ట్రేటు విచారణ వీలైతే మూడు నెలల్లో పూర్తి కావాలి.

కుటుంబం కూడా నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనైనా రాయవచ్చు, అంటే తెలుగులో రాసినా తీసుకోవాలి. గడువు సంఘటన జరిగిన రోజు నుంచి ఏడాది. మెజిస్ట్రేటు నివేదిక కోసం ఆగినంత మాత్రాన ఈ గడువు ఆగదు. మేము పొరబడింది ఇక్కడే. ఇంకో సంగతి కూడా ఉంది. రాష్ట్ర కమిషన్ ముందు ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు. కాబట్టి రెండింటికీ ఒకేసారి రాయకుండా, ఆలోచించి ఒకదాన్ని ఎంచుకోవాలి.

కమిషన్ పరిహారం ఇప్పించమని, కేసు పెట్టమని సిఫార్సు చేయగలదు, శిక్ష వేయలేదు. శిక్ష కోర్టు పని.

మన రాష్ట్రాల్లో జరిగినవి

ఒడిశా: 1987 డిసెంబరులో సుందర్‌గఢ్ జిల్లా జరాయికెలా పోలీసు ఔట్‌పోస్టుకు తీసుకెళ్లిన 22 ఏళ్ల సుమన్ బెహెరా మర్నాడు రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. తప్పించుకుని రైలు కింద పడ్డాడని పోలీసులన్నారు. తల్లి నీలబతి బెహెరా 1988లో సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. కోర్టు దాన్నే రిట్ పిటిషనుగా తీసుకుని, జిల్లా జడ్జితో విచారణ జరిపించి, 1993 మార్చిలో లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ప్రాణహానికి ప్రభుత్వమే పరిహారం చెల్లించాలనే సూత్రానికి నేటికీ ఆ తీర్పునే ఉదహరిస్తారు.

మహారాష్ట్ర: 2006 నవంబర్ 11న ముంబయిలో లఖన్ భయ్యా అనే మనిషి ఎన్‌కౌంటర్లో చనిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నమే తమ్ముణ్ణి పట్టుకెళ్లారని తెలిసి, వకీలు అయిన అన్న పోలీసు ఉన్నతాధికారులకు టెలిగ్రాములు, ఫ్యాక్సులు పంపాడు. కాల్పులు జరిగింది సాయంత్రం. ఎన్‌కౌంటర్ కంటే ముందే మనిషి పోలీసుల చేతిలో ఉన్నాడని చెప్పడానికి ఆ కాగితాల మీది సమయమే ఆధారమైంది. 2009లో హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయించింది. 2011లో ముఖ్య సాక్షి కోర్టుకు రాకముందే అపహరణకు గురై హత్యకు గురయ్యాడు. అయినా 2013లో సెషన్స్ కోర్టు 13 మంది పోలీసులతో సహా 21 మందికి శిక్ష వేసింది. 2024 మార్చి 19న బొంబాయి హైకోర్టు 12 మంది పోలీసుల జీవితఖైదును ఖాయం చేసి, కింది కోర్టు విడిచిపెట్టిన ఒక మాజీ అధికారికి కూడా అదే శిక్ష వేసింది. మొత్తం పదిహేడేళ్లు పట్టింది.

తమిళనాడు: 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో స్టేషనుకు తీసుకెళ్లిన తండ్రీకొడుకులు రోజుల వ్యవధిలో చనిపోయారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం తనంతట తానే కేసు చేపట్టి, జ్యుడీషియల్ మెజిస్ట్రేటును స్టేషనుకు పంపింది. ఆయనకు అక్కడ సహకారం అందకపోతే స్టేషనునే రెవెన్యూ శాఖ అధీనంలో పెట్టమని ఆదేశించింది. సీసీ కెమెరా దృశ్యాలు ప్రతిరోజూ చెరిగిపోయేలా అమర్చి ఉన్నాయని మెజిస్ట్రేటు నివేదించారు. అదే స్టేషనులో పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ భయపడుతూనే చూసింది చెప్పింది. తర్వాత దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. పోలీసులే ముద్దాయిలుగా కేసు నడిచింది.

ఆంధ్ర, తెలంగాణ: 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పోలీసు చేతిలో మరణం జరిగితే అది కేసుగా నమోదు కావాలని, ఆత్మరక్షణ వాదన నిజమా కాదా అన్నది కోర్టు విచారణలో తేలాలని చెప్పింది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలు 20 మంది కాల్పుల్లో చనిపోయారు. వాళ్లంతా తమిళనాడు వాళ్లు. అక్కడ భాష తారుమారైంది. తెలుగు కాగితాలు అర్థం కాక తమిళ కుటుంబాలు తిప్పలు పడ్డాయి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు చనిపోయినప్పుడు పోలీసుల మీద పూలు చల్లిన జనమూ ఉన్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో బయటికొచ్చిన నివేదికలో, పోలీసుల కథనం నమ్మదగినది కాదని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని చెప్పింది. తర్వాతి చర్య కోసం విషయాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపారు.

ఈ కేసులన్నిటిలో కనిపించేది ఒకటే. మొదటి కొద్ది గంటల్లో, కొద్ది రోజుల్లో తయారైన కాగితాలు, పదిలపరిచిన ఆధారాలే తర్వాత పనికొచ్చాయి.

కుటుంబం చేయవలసినవి

మొదటి రోజు: మనిషిని పట్టుకెళ్లారని తెలిసిన వెంటనే ఎస్పీకి, కలెక్టరుకు, దగ్గరి మెజిస్ట్రేటుకు ఈమెయిల్ గానీ, స్పీడ్ పోస్టు గానీ పంపండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి తీసుకెళ్లారో నాలుగు వాక్యాలు చాలు. పంపిన సమయం పడాలి, రసీదు దాచుకోవాలి.

సంతకం: చదవని కాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ వేయవద్దు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలానికి సంతకం అక్కర్లేదని చట్టమే చెబుతోంది. మీరిచ్చే ఫిర్యాదు మీద మాత్రం సంతకం ఉండాలి. దాన్ని మీకు చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. శవ పంచనామా దగ్గర అనుమానం ఉంటే "అనుమానం ఉంది" అని తెలుగులోనే మీ చేత్తో రాసి సంతకం పెట్టండి.

పోస్టుమార్టం: ఇద్దరు డాక్టర్లు, వీడియో కావాలని రాసి ఇవ్వండి. దహనమో ఖననమో చేసేముందు గాయాలను ఫోటోలు తీయండి. తృప్తి లేకపోతే అంత్యక్రియలకు ముందే రెండో పోస్టుమార్టం కోసం హైకోర్టును అడగాలి. ఆ దుఃఖంలో ఇది చెప్పడం మాకూ కష్టమే, కానీ తర్వాత ఆ అవకాశం రాదు.

సీసీ కెమెరా: 2020 డిసెంబర్ 2 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం స్టేషన్లలో కెమెరాలు ఉండాలి, దృశ్యాలు 18 నెలలు, కనీసం ఏడాది నిలవ ఉండాలి. ఫలానా తేదీ, ఫలానా గంటల దృశ్యాలు భద్రపరచమని వారంలోపు రాసి ఇవ్వండి.

వకీలు: జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. తల్లి గానీ భార్య గానీ అర్జీ పెడితే సరిపోతుంది.

గడువులు: కమిషనుకు ఏడాది. మూడు నెలలు దాటినా విచారణ నివేదిక రాకపోతే సమాచార హక్కు చట్టం కింద కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఎక్కడికి వెళ్లాలి

నాలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్లు ఉన్నాయి. హైకోర్టు కర్ణాటక వాళ్లకు బెంగళూరు, ధార్వాడ, కలబురగిలలో, తమిళనాడు వాళ్లకు చెన్నై, మదురైలలో ఉంది. మహారాష్ట్ర వాళ్లకు ముంబయితో పాటు నాగపూర్, ఔరంగాబాద్ ధర్మాసనాలున్నాయి. ఒడిశా వాళ్లకు కటక్. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా, అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి హైకోర్టు మద్రాసుదే. 2012 జనవరిలో యానాం సిరామిక్ ఫ్యాక్టరీ గొడవల్లో పోలీసు చర్య తర్వాత ఒక కార్మిక నాయకుడు, ఆపై అల్లరిమూకల దాడిలో కంపెనీ అధికారి చనిపోయిన సంగతి అక్కడి వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అమలాపురం, కాకినాడ కోర్టులు దగ్గర కదా అనుకుని అక్కడికి వెళ్తే కాలం వృథా అవుతుంది.

అభియోగం, అనుమతి

పోలీసు అధికారి మీద కోర్టు కేసు చేపట్టాలంటే కొన్ని సందర్భాల్లో ప్రభుత్వ అనుమతి కావాలి. పాత కోడ్‌లో ఇది 197వ సెక్షన్, కొత్త సంహితలో 218. విధి నిర్వహణకు సంబంధించిన చర్యకే ఈ రక్షణ, యూనిఫాం వేసుకున్నంత మాత్రాన చేసిన ప్రతి పనికీ కాదు. కొత్త సంహితలో ఒక మేలు జరిగింది. అనుమతి కోరిన 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. స్టేషనులో ఎఫ్ఐఆర్ నమోదు చేయకపోతే ఎస్పీకి రాయాలి, ఆపై 175వ సెక్షన్ కింద మెజిస్ట్రేటును ఆశ్రయించాలి.

మా సంఘంలో ఇప్పుడు ఒక రిజిస్టరు పెట్టుకున్నాం. ఎవరైనా ఇలాంటి కష్టంతో వస్తే మొదటి పేజీలో సంఘటన తేదీ, దాని కింద ఏడాది గడువు తేదీ ఎర్ర సిరాతో రాస్తాం. స్థానిక భాష చదవగలిగిన ఇద్దరు యువకుల ఫోన్ నంబర్లు అదే పేజీలో ఉన్నాయి. రాత్రి ఏ వేళైనా స్టేషనుకో ఆసుపత్రికో వెళ్లి, కాగితం చదివి పెట్టడానికి వాళ్లు ఒప్పుకున్నారు. మీ ఊళ్లోని సంఘంలోనూ అలాంటి ఇద్దరిని ఇప్పుడే చూసి పెట్టుకోమని కోరుతున్నాం.